జీడి మూడు రకాలు, అంబలి ఒకటే

మొన్న డిసెంబర్లో మా టీములో ఒకాయన పారిస్ ఆన్‌సైట్ ముగించుకుని వస్తూ నాకో పొట్లం పట్టుకొచ్చాడు. వాక్యూమ్ ప్యాక్ చేసిన చెస్ట్‌నట్లు. "సూప్ చేసుకోండి గురూగారూ, క్రీము మాత్రం దండిగా పొయ్యాలి. అక్కడ బోలెడు యూరోలు తగలేసి తాగేవాణ్ణి" అన్నాడు. నాకు వంట ఓ మోస్తరుగా వచ్చు. ఆదివారం పొద్దున్నే గూగులించి, దొరికిన వాటిలో నాలుగు రెసిపీలు కలిపి ఓ రెసిపీ తయారు చేసుకున్నాను (మన వృత్తిధర్మం కదా, కాపీ పేస్టు). ఉల్లిపాయ వెన్నలో వేయించి, చెస్ట్‌నట్లు వేసి, నీళ్ళు పోసి ఉడికించి, మిక్సీలో తిప్పి, క్రీము కలిపి, పైన మిరియాల పొడి చల్లాను. లేత గోధుమరంగులో, చిక్కగా, ఫొటోలో ఉన్నట్టే వచ్చింది.

అప్పటికి మా అమ్మ విజయనగరం నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉంది. గిన్నెలో పోసి, చెంచా వేసి, ఇది ఫ్రెంచి వాళ్ళ వంటకమని కాస్త బిల్డప్ కూడా ఇచ్చి, ఆవిడ ముందు పెట్టాను. రెండు చెంచాలు తాగి ఆగింది.

"అంబలే కదరా ఇది?"

"అంబలేంటమ్మా, సూపు."

"పేరేటైతేనేం. మా చిన్నప్పుడు కొండోళ్ళు టెంకంబలి కాసుకునీవోరు. అచ్చం అలగే ఉంది, కాపోతే అది వగరు."

నువ్వెప్పుడు తాగావని అడిగాను. "ఓపాలి తాగేన్లే. ఇంట్లో తెలిస్తే సంపీసీవోరు" అని మాట మార్చేసింది. ఆ సంగతి చివర్లో చెప్తాను. అమ్మ మాట మాత్రం నన్ను వదల్లేదు. ఆ తర్వాత కొన్నాళ్ళు దొరికినవన్నీ చదివాక నాకు తేలిందేమిటంటే, ఆవిడ చెప్పిందే రైటు. చెస్ట్‌నట్ సూపు పుట్టింది అంబలిగానే. దాన్ని కాచుకున్నవాళ్ళు కూడా కొండోళ్ళే.

ఆ కొండల్లో

ముందు ఒక చిన్న సంగతి. చెస్ట్‌నట్ పేరుకి నట్టే గానీ లక్షణాలు నట్టువి కావు. జీడిపప్పు, బాదం, వేరుశెనగ లాంటివాటిలో దాదాపు సగం బరువు నూనే. చెస్ట్‌నట్‌లో నూనె రెండు శాతం దగ్గర ఉంటుంది. పచ్చి గింజలో సగం నీళ్ళు, మిగతాది చాలావరకు పిండిపదార్థం. అంటే పోషకాల లెక్కలో అది బాదం కంటే బియ్యానికి, చిలగడదుంపకి దగ్గర చుట్టం. చెట్టుకి కాసే ధాన్యం అనుకోవచ్చు.

అందుకే దక్షిణ ఫ్రాన్సులో సెవెన్ కొండల్లోనూ, కోర్సికా ద్వీపంలోనూ, ఇటలీలో అపెనైన్ కొండల్లోనూ గోధుమ పండని చోట్ల దాన్ని వందల ఏళ్ళపాటు అన్నంలా తిని బతికారు. సెవెన్‌లో ఈ చెట్టుకి 'రొట్టెల చెట్టు' అనే అర్థమొచ్చే పేరుంది. శరదృతువులో రాలిన గింజల్ని ఏరి, 'క్లెద్' అనే చిన్న రాతి కొట్టంలో అటక మీద పోసి, కింద సన్నగా పొగపెట్టి వారాల తరబడి ఎండబెట్టేవాళ్ళు. తర్వాత దంచి, తొక్క చెరిగి దాచుకునేవాళ్ళు. చలికాలమంతా ఆ ఎండు గింజల్ని నానబెట్టి, గంటలు గంటలు ఉడికించి, ఉంటే కాస్త పాలు పోసుకుని తాగేవాళ్ళు. ఆ జావ పేరు 'బజానా'. నా చేత వెన్నా క్రీమూ పోయించిన సూపుకి అదే ముత్తవ్వ.

ఈ చెట్టుని నాటించిన ప్రభుత్వం ఉంది, వద్దన్న ప్రభుత్వమూ ఉంది. కోర్సికాని జెనోవా వాళ్ళు ఏలుతున్నప్పుడు, 1584లో, ప్రతి రైతూ ఏటా కొన్ని చెట్లు నాటాలని ఉత్తర్వు వేశారు. ఆ చెట్లలో చెస్ట్‌నట్ ఒకటి. రెండు వందల ఏళ్ళు గడవకుండానే ద్వీపం ఫ్రెంచి వాళ్ళ చేతికొచ్చింది. వాళ్ళ అధికారులకి ఈ చెట్టంటే మంట. దున్నక్కర్లేదు, విత్తక్కర్లేదు, గింజలు వాటంతటవే రాలతాయి, కాబట్టి ఈ జనం సోమరిపోతులయ్యారు అని వాళ్ళ వాదన. 1771లో కొత్తగా చెస్ట్‌నట్లు నాటకూడదని ఉత్తర్వు కూడా తెచ్చారు. అది ఎక్కువ కాలం నిలవలేదనుకోండి. గింజల్ని ఏరి, వారాల పాటు రాత్రింబవళ్ళు పొగ కనిపెట్టుకుని, దంచి, చెరిగేవాళ్ళని సోమరులు అన్నారంటే ఆ అధికారులు ఎప్పుడూ వంటింట్లోకి తొంగి చూడలేదన్నమాట.

పందొమ్మిదో శతాబ్దంలో చెట్లకి వేరు తెగులు వచ్చింది. బంగాళాదుంప వచ్చింది. జనం కొండ దిగి ఫ్యాక్టరీలకి పోయారు. అట్లాంటిక్ అవతల అమెరికాలో అయితే ఇంకా ఘోరం. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో ఓ శిలీంధ్రం బయటపడింది. తర్వాతి యాభై ఏళ్ళలో అక్కడి చెస్ట్‌నట్లు సుమారు 400 కోట్లు చచ్చిపోయాయి. అలా పేదవాడికి తప్పనిసరి తిండి అయిన గింజ అరుదైపోయింది, ఖరీదైపోయింది, చివరికి క్రిస్మస్ మెనూ కార్డెక్కింది.

ఇలాంటిది మనకి కొత్తేం కాదు. చోళ్ళనే తీసుకోండి (మీ వైపు రాగులు అంటారు). మా జిల్లాల్లో ఒకప్పుడు 'చోడంబలి తాగి పెరిగాం' అంటే పేదరికం గురించి చెప్తున్నారని అర్థం. ఇప్పుడు అదే మాట మా ఆఫీసు క్యాంటీన్లో ఆరోగ్యం గురించి చెప్తున్నట్టు వినిపిస్తుంది. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అంది, అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ బడుల్లో పిల్లలకి రాగిజావ మొదలుపెట్టారు. చోళ్ళు గట్టెక్కాయి. టెంకంబలి గట్టెక్కలేదు, ఎక్కుతుందని కూడా అనుకోను. ఎందుకో చెప్పాలంటే 'జీడి' అనే మాట దగ్గరికి రావాలి.

జీడి అంటే ఏది?

తెలుగులో జీడి అనే మాట కనీసం మూడు గింజలకి ఉంది.

మొదటిది నల్లజీడి. మన అడవుల్లో ఎప్పట్నుంచో ఉన్నది. దాని రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, గుడ్డకి అంటితే మరక జన్మలో పోదు. అందుకే చాకలివాళ్ళు ఎవరి బట్టలు ఎవరివో గుర్తు పెట్టడానికి దాన్ని వాడేవారు.

రెండోది మామిడి జీడి. ఆవకాయకి కాయలు కొట్టేటప్పుడు టెంక ముక్కకే ఉంచి, లోపలి గింజని తీసి పారేస్తాం చూడండి, అదీ జీడే. 

మూడోది జీడిమామిడిది. ఐదొందల ఏళ్ళ కిందట ఆ చెట్టు మన దేశంలోనే లేదు. దాని సొంతూరు బ్రెజిల్ ఈశాన్య తీరం. పదహారో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు గోవాకి, మలబారుకి తెచ్చారు. 1578లో అకోస్టా అనే వైద్యుడు కొచ్చిన్ తోటల్లో దాన్ని చూసినట్టు రాశాడు. అక్కడి తుపీ భాషలోని 'అకజూ' పోర్చుగీసులో 'కజూ' అయింది, హిందీలో 'కాజూ' అయింది. మనవాళ్ళు మాత్రం ఆ మాట అరువు తెచ్చుకోలేదు. కొత్త చెట్టుని పరకాయించి చూశారు. పువ్వు మామిడి పూతలా ఉంది, కింద వేలాడే గింజ రసం నల్లజీడిలా చర్మాన్ని కాలుస్తోంది. జీడిమామిడి అని పేరు పెట్టేశారు. మా ఉత్తరాంధ్రలో ముంతమామిడి అని కూడా అంటారు. తమాషా ఏమిటంటే, ఇప్పటి వృక్షశాస్త్రం ప్రకారం నల్లజీడి, మామిడి, జీడిమామిడి మూడూ ఒకే కుటుంబం. లాటిన్ పేర్లు తెలియకుండానే మనవాళ్ళు సరైన క్లాసు కింద పెట్టారు :)

ఈ మూడు జీడుల్లో మొదటిదాన్ని పక్కన పెడితే, మిగతా రెండూ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చరిత్రలో రెండు కొసల్లాంటివి. ఒకటి ఎగుమతి సరుకు, ఇంకొకటి ఆకలి తిండి.

టెంకంబలి

తూర్పు కనుమల్లో సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు సవరలు, జాతాపులు ఉంటారు. (ఈ ప్రాంతం 1950 దాకా విశాఖ జిల్లాలో, తర్వాత శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. 1979లో విజయనగరం జిల్లా పుట్టినప్పుడు కొంత అటు పోయింది. 2022 ఏప్రిల్ నుంచి పార్వతీపురం మన్యం జిల్లా.) కొండల మీద పోడు కొట్టుకుని చోళ్ళు, సామలు, కందులు పండిస్తారు. పోడు పంట చేతికొచ్చేది వానలు వెనకబడ్డాకే. పాత గింజలు అయిపోయి కొత్త పంట ఇంకా రాని ఆ జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలే గండం. ఆ గండం గట్టెక్కడానికి ఉన్న దారుల్లో మామిడి టెంక ఒకటి.

చేసే పద్ధతి వింటే సెవెన్ కొండల క్లెద్ గుర్తొస్తుంది. ఎండాకాలంలో తిన్న పళ్ళ టెంకలన్నీ పోగేసి ఎండబెడతారు. పగలగొట్టి లోపలి జీడి తీసి, దంచి పిండి చేస్తారు. ఆ పిండి అలాగే తినడానికి పనికిరాదు, ఒకటే వగరు. టానిన్లు ఉంటాయి, అవి తిన్నదాన్ని ఒంటపట్టనివ్వవు. అందుకని పిండిని గుడ్డలోనో బుట్టలోనో పెట్టి, పారే నీళ్ళలో వగరు పోయేదాకా ఉంచుతారు. టానిన్లు నీళ్ళలో కరిగి పోతాయి, పిండి మిగుల్తుంది. ఆ తర్వాత అంబలి కాస్తారు. ఎండు మామిడి జీడిలో సగానికి పైగా పిండిపదార్థమే. చెస్ట్‌నట్ లెక్కకి దగ్గరే, పైగా కొవ్వు కాస్త ఎక్కువ.

ఇందులో ప్రతి అడుగూ ఎవరో పూర్వం కడుపునొప్పితోనో ప్రాణంతోనో డీబగ్ చేసి కనిపెట్టినదే. ఒక్క అడుగు తప్పినా తేడా వస్తుంది. ముఖ్యంగా ఎండబెట్టడం. వానాకాలంలో చెమ్మ తగిలి బూజు పడితే ఆ పిండి విషమే.

2001 ఆగస్టులో అదే జరిగింది. పార్వతీపురం దాటి రైల్లో కాస్త ముందుకెళ్తే ఒడిశాలో రాయగడ వస్తుంది. ఆ జిల్లాలోని కాశీపురంలో టెంక జావ తాగి ఇరవై మందికి పైగా గిరిజనులు చనిపోయారు. అది ఆకలి చావు కాదు, పాడైన తిండి తినడం వల్ల వచ్చిన చావు అని ప్రభుత్వం అంది. టెంకలు తినడం వాళ్ళ ఆహారపు అలవాటు అన్న మాటా వినిపించింది. ఇంట్లో బియ్యం ఉంటే బూజు పట్టిన టెంక పిండి ఎవరు కాచుకుంటారని హక్కుల సంఘాలు అడిగాయి. నిజానికి ఆ ఏడాది దేశంలో గింజలు లేక కాదు. ప్రభుత్వ గోదాముల్లో సుమారు 6 కోట్ల టన్నుల ధాన్యం మూలుగుతోంది. ఇంత నిల్వ ఉండగా జనం పస్తులుండటమేమిటని పీయూసీఎల్ అప్పటికే, ఆ ఏప్రిల్లోనే, సుప్రీం కోర్టుకెళ్ళింది. ఆ కేసులోనే 2001 నవంబర్ 28న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని ఆదేశం వచ్చింది. ఇవాళ మన ఊళ్ళ బడుల్లో పిల్లలు తింటున్న అన్నం వెనక ఆ కేసు కూడా ఉంది.

అంతటితో అయిపోయిందా అంటే లేదు. 2024లో ఒడిశా కంధమాల్ జిల్లాలో మళ్ళీ టెంక జావ తాగి ఆడవాళ్ళు చనిపోయారు. మళ్ళీ అదే చర్చ.

'ఆహారపు అలవాటు' అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. కోర్సికాలో ఫ్రెంచి అధికారి 'సోమరితనం' అన్నట్టే ఇదీ ఉంది. తినేవాడి పరిస్థితిని తినేవాడి స్వభావంగా రాసేస్తే ఫైలు మూసెయ్యొచ్చు. అలవాటే అనుకుందాం. ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవుల్లో పోడు మీద ఆంక్షలు మొదలయ్యాయి. పల్లపు భూములు అప్పుల కింద మైదానం నుంచి వచ్చిన షావుకార్ల చేతుల్లోకి పోయాయి. 1917 నుంచీ ఏజెన్సీ భూములు గిరిజనేతరులకి పోకుండా చట్టాలున్నాయి, అయినా పోయాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోవడం, దాని తర్వాత శ్రీకాకుళ గిరిజన పోరాటం సాయుధంగా మారడం అందరికీ తెలిసిన చరిత్రే. ఆ పోరాటం గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది. కానీ దాని మొదట్లో ఉన్న కోరికలు చూడండి: పాలేరు జీతం పెంచాలి, అప్పు కింద పోయిన భూమి తిరిగి ఇవ్వాలి, అడవి సరుక్కి సరైన ధర కావాలి. అంటే ఆగస్టు నెలలో ఇంట్లో గింజలు ఉండాలి అని. 1970లో భూ బదలాయింపు నిబంధన గట్టిపడింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కొండ మీద టెంకంబలి కుండలు తగ్గడంలో రెండు రూపాయల బియ్యం పాత్ర చాలా ఉందని నా నమ్మకం. జనానికి అది అంత ఇష్టమైన అలవాటే అయితే బియ్యం రాగానే ఎందుకు వదిలేశారు?

అన్నట్టు, మామిడి జీడి కథలో ఇంకో మెలిక ఉంది. దానిలోని కొవ్వు కోకో వెన్నలాగే నోట్లో కరుగుతుంది. చాక్లెట్లో కోకో వెన్నకి బదులు ఐదు శాతం దాకా కలపొచ్చని యూరోపియన్ యూనియన్ 2000లో ఒప్పుకున్న ఆరు కొవ్వుల్లో మామిడి జీడి కొవ్వు ఒకటి. మరుసటి ఏడాదే కాశీపురం.

రెండో కొస: పలాస

కొండ దిగి సముద్రం వైపొస్తే ఉద్దానం. 'ఉద్యానవనం' నుంచే ఆ పేరొచ్చిందంటారు. ఇసుక నేల, కొబ్బరి, పనస, మామిడి, జీడి. జీడిమామిడికి మంచి నేల అక్కర్లేదు, ఇసుకని కరిచి పట్టుకుని నిలబడుతుంది. మన దేశంలో చాలాకాలం దాన్ని పప్పు కోసం కంటే నేల కోత ఆపడానికే ఎక్కువ వేశారు. పప్పు వ్యాపారం ఊపందుకున్నది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1920లలో కేరళలో కొల్లం నుంచి అమెరికాకి ఎగుమతులు మొదలయ్యాయి. 1890లలో వేసిన రైలు మార్గం పలాస మీదుగా పోతుంది, చుట్టూ తోటలున్నాయి, 1940ల నుంచి పలాస-కాశీబుగ్గలో కూడా జీడిపిక్కలు కాల్చి పప్పు తీసే పని పెరుగుతూ వచ్చింది.

ఆ పరిశ్రమ లెక్కలు మనబోటి వాళ్ళకి భలే నచ్చుతాయి. పిక్కల్ని 80 కిలోల బస్తాల్లో కొంటారు. ఒక బస్తాకి ఎన్ని పౌన్ల పప్పు దిగుతుందో అదే నాణ్యత కొలత. 48 పౌన్లు దిగితే మంచి సరుకు, అంటే సుమారు 22 కిలోలు. పప్పు గ్రేడు కూడా పౌనుకి ఎన్ని గుళ్ళు తూగుతాయన్న దాన్నిబట్టే. డబ్ల్యూ-180 అంటే పౌనుకి 180 లోపు, అన్నిట్లోకి పెద్దది. డబ్ల్యూ-320 అంటే మనం మామూలుగా కొనేది. తర్వాత బద్దలు, ముక్కలు, నూక.

లెక్కల్లో కనపడనిది చేతులు. పిక్క తొక్కలో ఉండే నూనె ఆసిడ్ లాంటిది, పిక్కలు కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు నల్లబడిపోతాయి. మొదటి జీడి చాకలి గుడ్డ మీద వేసిన గుర్తే మూడో జీడి వీళ్ళ చేతుల మీద వేస్తుంది. ఆ నూనే మళ్ళీ బ్రేక్ లైనింగుల్లోనూ రంగుల్లోనూ వాడతారు. ఇప్పుడు స్థానిక పంట చాలక ఆఫ్రికా దేశాల పిక్కలు కూడా పలాస వస్తాయి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను సరిగ్గా ఈ ప్రాంతంలోనే తీరం దాటి కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టేసింది. జీడి మొక్క పూర్తి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది.

జీడి కొండ కూడా ఎక్కింది. సీతంపేట ఏజెన్సీలో పోడు కొట్టిన కొండలు ఇప్పుడు చాలాచోట్ల జీడితోటలు. ఒకప్పుడు మామిడి జీడి తిన్న ఇళ్ళు ఇప్పుడు జీడిపిక్కలు అమ్మి బియ్యం కొంటున్నాయి. అది మంచి మార్పే. పిక్కల ధర పడిపోయిన ఏడాది ఏం చేస్తారన్నది వేరే ప్రశ్న. జీడిపప్పు తినేంత స్థోమత పండించేవాడికి తక్కువే. అమ్ముకోవడానికే తప్ప కడుపు నింపుకోవడానికి పనికిరాని పంట అది. చెస్ట్‌నట్‌కీ టెంకకీ ఉన్న ఒకే ఒక్క మంచి గుణం, ఎవరూ కొనకపోయినా తినొచ్చు.

సరే, సూపు

ఇంత చెప్పి అసలు వంట చెప్పకపోతే బావుండదు. చెస్ట్‌నట్ పొట్లం ఒక్కసారికే అయిపోయింది. ఇక్కడ దిగుమతి సరుకు ధర చూస్తే గుండె ఆగుతుంది. తిండి లెక్కల్లో దానికి బాగా దగ్గరగా ఉండి, ఉద్దానంలో గుట్టలుగా దొరికే గింజ ఒకటుంది: పనస పిక్క. సగానికి పైగా నీళ్ళు, మిగతాది ఎక్కువగా పిండి, నూనె ఒక శాతం లోపే. ఉడికిస్తే అదే పిండితనం, అదే తేలికపాటి తీపి. చిక్కదనం పనస పిక్క ఇస్తుంది, క్రీము పని జీడిపప్పు చేస్తుంది.

నలుగురికి కావలసినవి: పనస పిక్కలు పావుకిలో, జీడిపప్పు ఇరవై గుళ్ళు (డబ్ల్యూ-180 దండగ, ముక్కలు చాలు), ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెండు రెబ్బలు, వెన్న ఓ పెద్ద చెంచా, పాలు ఒక కప్పు, ఉప్పు, మిరియాలు.

పిక్కల్ని కుక్కర్లో ఐదు విజిల్స్ రానివ్వండి. చల్లారాక పైన తెల్లటి తొక్క తీసెయ్యండి, లోపలి గోధుమరంగు పల్చటి పొర ఉన్నా ఫరవాలేదు, రంగుకి అదే మంచిది. జీడిపప్పుని వేడినీళ్ళలో అరగంట నానబెట్టి వెన్నలా రుబ్బండి. వెన్నలో ఉల్లి, వెల్లుల్లి మెత్తబడేదాకా వేయించి, పిక్కలు, నాలుగు కప్పుల నీళ్ళు పోసి పది నిమిషాలు మరిగించి మిక్సీలో తిప్పండి. ఓపికుంటే వడకట్టండి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి, పాలు, జీడిపప్పు ముద్ద కలిపి, మంట తగ్గించి కలుపుతూనే ఉండండి. అడుగంటిందంటే మొత్తం వాసనే. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది, అంచేత కాస్త పల్చగా ఉండగానే దింపెయ్యండి.

మే నెలలో పనసపళ్ళు వచ్చాక ఇది చేసి అమ్మకి పెట్టాను. ఈసారి ఫ్రెంచి కబుర్లు చెప్పలేదు. పక్కన పచ్చి ఉల్లిపాయ ముక్క కూడా పెట్టాను. గిన్నె ఖాళీ చేసింది. అప్పుడడిగాను, ఆ రోజు టెంకంబలి ఎలా తాగావని.

పాలకొండ వైపు వాళ్ళ ఊరికి కొండ మీంచి ఒక సవరావిడ కట్టెల మోపు తెచ్చేదట. అమ్మమ్మ ఆ మోపు దింపించుకుని, డబ్బులో గింజలో ఇచ్చి, దాహమంటే గంజి పోసేది. ఓ వానాకాలం ఆవిడ పెరట్లో కూర్చుని ఆనపకాయ బుర్రలోంచి ఏదో పోసుకు తాగుతుంటే, ఏడేళ్ళ అమ్మ అదేమిటని అడిగిందట. ఆవిడ అటూ ఇటూ చూసి, దొన్నెలో కాస్త పోసి ఇచ్చింది. అమ్మ తాగింది. వగరుగా ఉన్నా బాగుందని ఇంకాస్త అడిగింది. ఇంకాస్త పోసింది.

"అప్పుడు తెలీదు గానీ, ఆ పొద్దుకి ఆవిడికి అదే తిండేమో" అంది అమ్మ.

"ఆవిడ పేరేంటమ్మా?"

అమ్మ చాలాసేపు ఆలోచించింది.

"పేరెవరడిగేర్రా. కట్టెలావిడనే అనీవోళ్ళం."